రాత్రి నడుము నొప్పి, పక్కకి ఒరిగిన వెన్ను: 14 ఏళ్ల అబ్బాయిలో ఎల్4 వెన్నుపూస ఆస్టియాయిడ్ ఆస్టియోమా

పిల్లల నడుము నొప్పికి ఎమ్మారై తీయిస్తే "వెన్నుపూసలో వాపు ఉంది, టీబీ అయ్యే అవకాశం" అని రిపోర్టు రావడం మన దగ్గర చాలా మామూలు. టీబీ ఎక్కువగా ఉన్న దేశం మనది కాబట్టి ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని, శాంపిల్ ఏదీ తీయకుండా మందులు మొదలుపెడితే అసలు జబ్బు నెలల తరబడి కదలకుండా కూర్చుంటుంది. ఈ కేసు రాయడం అందుకే. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అబ్బాయిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వచ్చినప్పటి పరిస్థితి

తల్లి, మేనమామ కలిసి తీసుకొచ్చారు. 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. నొప్పి మొదలై అప్పటికి 11 నెలలు. మొదట్లో కబడ్డీ ఆడి నరం పట్టేసిందనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, నూనెతో మర్దనా అయ్యాయి. తర్వాత టౌన్లో ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు. నొప్పి తగ్గకపోవడంతో, నడుము ఒక పక్కకి వాలుతోందని స్కూల్లో టీచర్లు కూడా చెప్పడంతో, ఇంకోచోట ఎమ్మారై తీయించి టీబీ మందులు పెట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మందులు మొదలై రెండు నెలలు. వికారం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం మొదలయ్యాయి తప్ప నొప్పిలో ఇసుమంత కూడా తేడా లేదు.

వెన్ను నొప్పితో వచ్చిన పిల్లల్ని నేను ముందు అడిగేది, నొప్పి పగలా రాత్రా అని. ఈ అబ్బాయి మాట్లాడేలోపే తల్లి చెప్పేసింది.

"పగలు ఏదోలా తిరుగుతాడండీ. రాత్రి ఒంటిగంటకో రెండింటికో లేచి గోడకి ఆనుకుని కూర్చుంటాడు. బిళ్ల వేస్తే అరగంటలో పడుకుంటాడు."

"ఏం బిళ్లమ్మా అది?"

ఆవిడ సంచిలోంచి సగం ఖాళీ అయిన డైక్లోఫెనాక్ స్ట్రిప్ తీసింది. జ్వరం బిళ్ల, అంటే పారాసిటమాల్, వేసి చూశారా అని అడిగాను. "అది వేస్తే పనిచెయ్యదండీ, ఇదే పనిచేస్తది" అంది.

సగం డయాగ్నసిస్ ఆ మాటలోనే ఉంది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా చాలా చిన్న ఎముక కణితి. దాని నడుమ ఉండే నైడస్ అనే భాగంలో ప్రోస్టాగ్లాండిన్లు, అంటే నొప్పి, వాపు పుట్టించే రసాయనాలు, చుట్టుపక్కల ఎముకలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తయారవుతాయి. నైడస్‌లోకి సన్నటి నరాల పోగులు కూడా వెళ్తాయి. అందుకే అంత చిన్న కణితి అంత నొప్పి పెడుతుంది. డైక్లోఫెనాక్, న్యాప్రోక్సెన్, ఐబుప్రొఫెన్ లాంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారీనే ఆపుతాయి కాబట్టి నొప్పి చెయ్యి పెట్టి తీసేసినట్టు పోతుంది. పారాసిటమాల్‌కి అక్కడ అంత బలం లేదు. పాత పుస్తకాల్లో "ఆస్పిరిన్ వేస్తే తగ్గే నొప్పి" అని ఉంటుంది. పిల్లల్లో, ముఖ్యంగా వైరల్ జ్వరం ఉన్నప్పుడు, ఆస్పిరిన్‌తో రైస్ సిండ్రోమ్, అంటే లివర్, మెదడు దెబ్బతినే జబ్బు, వస్తుందన్న భయం ఉంది. అందుకే పరీక్ష కోసమైనా నేను ఆస్పిరిన్ ఇవ్వను, న్యాప్రోక్సెన్ ఇస్తాను.

అయితే మందుకి తగ్గినంత మాత్రాన జబ్బు ఇదేనని తేల్చెయ్యలేం. కండరం పట్టేసినా ఆ బిళ్లతోనే తగ్గుతుంది. నన్ను ఆలోచింపజేసింది మూడూ కలిసి రావడం: రాత్రి నొప్పి, ఒక రకం మందుకి మాత్రమే లొంగడం, నెలలు గడిచేకొద్దీ వెన్ను ఒరగడం.

చేత్తో, కంటితో

నిలబెట్టి వెనక నుంచి చూస్తే ఒళ్లు కుడివైపుకి జరిగి ఉంది. నడుము దగ్గర ఎడమ పక్కన మడత పడింది. వెన్ను కండరాలు, ముఖ్యంగా ఎడమవైపువి, చెక్కలా బిగుసుకుపోయాయి. ముందుకు వంగమంటే చేతివేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోయాయి. అలా వంగినప్పుడు వీపు ఒక పక్కన మూపురంలా లేవలేదు. అంటే వెన్ను పక్కకి వంగింది తప్ప మెలితిరగలేదు. ఇది ముఖ్యమైన గుర్తు. కారణం తెలియని మామూలు స్కోలియోసిస్‌లో వెన్నుపూసలు మెలితిరుగుతాయి, వంగితే మూపురం లేస్తుంది. పైగా ఆ స్కోలియోసిస్ చాలావరకు ఎదిగే ఆడపిల్లల్లో వస్తుంది, పెద్దగా నొప్పి ఉండదు. నొప్పి ఉండి, వెన్ను బిగుసుకుపోయి, మగపిల్లాడిలో వచ్చిన వంకరకి కారణం లేదు అని రాసేముందు చాలా వెతకాలి.

"ఏం నాన్నా, నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించు" అన్నాను. నడి వెన్ను నుంచి రెండు వేళ్లు ఎడమకి, తుంటి ఎముక అంచుకి కాస్త పైన, బొటనవేలు పెట్టాడు. మళ్లీ అడిగినా అక్కడే పెట్టాడు. కండరాల నొప్పి ఉన్నవాళ్లు సాధారణంగా అరచేత్తో నడుమంతా రాసి చూపిస్తారు.

కాళ్లలో బలం, స్పర్శ, మోకాలి రిఫ్లెక్సు అన్నీ సరిగా ఉన్నాయి. మూత్రం, మలం ఇబ్బంది లేదు. పడుకోబెట్టి కాలు ఎత్తితే ఎడమవైపు 50 డిగ్రీల దగ్గర ఆగింది. అది నరం నొక్కుకుని కాదు, తొడ వెనక కండరాలు బిగుసుకుని. ఎడమ తొడ చుట్టుకొలత కుడి దానికంటే ఒక సెంటీమీటర్ తక్కువ. సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, దగ్గు లేవు. ఇంట్లో ఎవరికీ టీబీ లేదు.

స్కాన్లు చెప్పింది, చెప్పనిది

నిలబెట్టి వెన్నంతా కనబడేలా ఎక్స్‌రే తీయించాను. నడుము దగ్గర 24 డిగ్రీల కాబ్ కోణం, అంటే వంకర ఎంతో చెప్పే కొలత; లోపలికి వంగింది ఎడమవైపు. ఆ వంపు మధ్యలో ఎల్4 (నడుములో నాలుగో పూస) ఎడమ పెడికిల్, అంటే పూస శరీరాన్ని వెనక భాగంతో కలిపే ఎముక, కుడి దానికంటే కాస్త తెల్లగా, చిక్కగా కనిపించింది. పాత ఎక్స్‌రే తెప్పించి చూస్తే అందులోనూ లేశంగా ఉంది. పేగుల్లో గాలి అడ్డం ఉన్న ఎక్స్‌రేలో అది కంటికి ఆనడం కష్టమే. వెన్నులో వచ్చే ఆస్టియాయిడ్ ఆస్టియోమా ఎక్కువగా వెనక భాగంలోనే పుడుతుంది, అంటే పెడికిల్, లామినా (వెనక పలక), ఫాసెట్ కీలు (వెనక పక్క పూసా పూసా కలిసే చోటు) దగ్గర. అన్నిటికంటే ఎక్కువగా నడుము పూసల్లో. వంకర వస్తే కణితి సాధారణంగా లోపలికి వంగిన వైపే ఉంటుంది. ఈ అబ్బాయిలో వంపు ఎడమకి, బొటనవేలు ఎడమకి, చిక్కబడ్డ పెడికిల్ ఎడమకి.

ఎమ్మారై ఫిల్ములు నేను మళ్లీ చూశాను. వాపుని తెల్లగా చూపించే స్టిర్ ఫిల్ముల్లో ఎల్4 ఎడమ పెడికిల్, లామినా, పూస శరీరంలో ఎడమ వెనక మూల, వాటి పక్కనున్న కండరం అంతా తెల్లగా మెరుస్తోంది. టీబీ అనిపించింది దీన్ని చూసే. కానీ పైనా కిందా డిస్కులు చక్కగా ఉన్నాయి. పూసల అంచులు తినేసినట్టు లేవు. చీము గడ్డ లేదు. వెన్ను టీబీ ఎక్కువగా డిస్కు పక్కనున్న పూస అంచుల్లో మొదలై, అటూ ఇటూ రెండు పూసలకి పాకి, వెన్ను పక్కనుండే సోయాస్ కండరంలోకి చీము దిగుతుంది. వెనక భాగంలో మాత్రమే వచ్చే టీబీ కూడా లేకపోలేదు, తక్కువ. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్షల్లో ఈఎస్‌ఆర్ 14, సీఆర్‌పీ మామూలుగానే ఉంది. ఈఎస్‌ఆర్ బాగుంది కాబట్టి టీబీ కాదని నేను ఎవరికీ చెప్పను. కానీ అన్నీ కలిపి చూస్తే టీబీ వైపు మొగ్గు చూపే ఆధారం ఒక్కటీ లేదు.

ఈ జబ్బులో ఎమ్మారై ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో కాస్త చెప్పాలి. నైడస్ సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్లు కూడా దాటదు. దాని చుట్టూ వచ్చే వాపు మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఎమ్మారై నీటిని బాగా చూపిస్తుంది కాబట్టి వాపే కళ్లకి కనబడుతుంది, నైడస్ అందులో మునిగిపోతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల మందం ముక్కలుగా తీసిన ఎమ్మారైలో రెండు ముక్కల మధ్య అది దాక్కోవచ్చు కూడా. రిపోర్టులో ఇన్ఫెక్షన్ అనో, కొన్నిసార్లు ప్రాణాంతక కణితి అనో వస్తుంది. ఎముకని ఎముకలా చూపించేది సీటీ.

సీటీ అంటే రేడియేషన్, పైగా పిల్లాడు. అందుకే వెన్నంతా తీయించలేదు. ఎక్కడ వెతకాలో ఎమ్మారై ముందే చెప్పింది కాబట్టి ఎల్3 నుంచి ఎల్5 వరకే, 1 మిల్లీమీటరు ముక్కలతో తీయించాను. ఏ పూసో తెలియకపోతే ముందు టెక్నీషియం బోన్ స్కాన్ చేయించేవాణ్ణి. ఈ కణితి అందులో దీపంలా వెలుగుతుంది, ఆ తర్వాత అక్కడికే సీటీ. ఇక్కడ ఆ అవసరం పడలేదు.

సీటీలో దొరికింది. ఎల్4 ఎడమ పైఫాసెట్ (పై పూసతో కీలు కట్టే ముక్క) మొదట్లో, అది పెడికిల్‌తోనూ లామినాతోనూ కలిసే చోట, 9 మిల్లీమీటర్ల గుండ్రటి నల్లటి చుక్క. మధ్యలో తెల్లటి సున్నపు నలుసు. చుట్టూ చిక్కబడ్డ ఎముక గోడ. లోపలివైపు, అంటే ఎల్4 నరం పక్కనుంచి దిగే సందు వైపు, సుమారు 2 మిల్లీమీటర్ల ఎముక గోడ తెగిపోకుండా ఉంది. ఈ 2 మిల్లీమీటర్లే తర్వాత చికిత్సని నిర్ణయించాయి.

పెడికిల్ చిక్కబడటానికి ఇంకో కారణం ఉంది. అవతలివైపు పార్స్ అనే సన్నటి ఎముక విరిగితే ఇవతలి పెడికిల్ బరువు మోసి మోసి గట్టిపడుతుంది. ఆటలాడే పిల్లల్లో ఇది చూస్తుంటాం. కుడి పార్స్ నిక్షేపంగా ఉంది. బ్రోడీ యాబ్సెస్ అనే నెమ్మదిగా సాగే ఎముక ఇన్ఫెక్షన్ కూడా సీటీలో ఇలాగే నల్లగా కనబడొచ్చు. కానీ దాని అంచు ఇంత నున్నగా గుండ్రంగా ఉండదు, దాన్నుంచి సన్నటి దారి ఒకటి బయటికి వెళ్తుంటుంది. ఇక ఆస్టియోబ్లాస్టోమా అనే ఇంకో ఎముక కణితి. మైక్రోస్కోపు కింద రెండూ దాదాపు ఒకటే. తేడా సైజులో, నడవడికలో. 1.5 నుంచి 2 సెంటీమీటర్లు దాటి, పెరుగుతూ పోతుంటే అది ఆస్టియోబ్లాస్టోమా. ఇక్కడ సైజు సెనగగింజంత.

ఇంట్లోవాళ్లతో

స్కాన్ తెర మీద చుక్క చూపిస్తూ కణితి అనగానే మేనమామ లేచి నిలబడ్డాడు. "క్యాన్సరా డాక్టరు గారూ?" అన్నాడు. ఈ ప్రశ్నకి నీళ్లు నమలకుండా జవాబు చెప్పాలి. ఇది క్యాన్సర్ కాదు, వేరేచోటికి పాకదు, క్యాన్సర్‌గా మారే రకం కాదు అని చెప్పాను. ఇది 1935లో న్యూయార్క్‌లో హెన్రీ జాఫీ విడిగా గుర్తించి పేరు పెట్టిన జబ్బనీ, దీని నడవడిక వైద్యులకి బాగా తెలుసుననీ చెప్పాను. శాంపిల్ తీసి పరీక్షకి పంపుతామని, ఆ రిపోర్టు వచ్చాకే టీబీ మందుల సంగతి తేలుస్తామని కూడా చెప్పాను. వాటిని ఆ రోజే ఆపేయమని తల్లి గట్టిగా అడిగింది. లివర్ పరీక్షలు చేయించాం, బాగానే ఉన్నాయి. మందులు రాసిన డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఇద్దరం ఒక మాట మీదకి వచ్చి, బయాప్సీ రిపోర్టు వరకు ఆగాం. సగంలో ఆపి మళ్లీ మొదలుపెట్టడం టీబీలో మంచిది కాదు, ఒకవేళ అది టీబీయే అయితే.

ఏ చికిత్స

మొదటి దారి, మందు వేసుకుంటూ ఆగడం. ఈ కణితి కొన్నేళ్లలో దానంతటదే చల్లబడొచ్చు. చెయ్యి, కాలి ఎముకల్లో వచ్చినప్పుడు కొందరికి నేనూ అదే చెబుతాను. కానీ వెన్ను వంకర పోయిన, ఇంకా ఎదుగుతున్న పిల్లాడికి ఏళ్ల తరబడి రోజూ డైక్లోఫెనాక్ అంటే ఒకపక్క కడుపు, కిడ్నీ, ఇంకోపక్క ముదిరిపోయే వంకర. ఆ దారి ఇక్కడ వద్దనుకున్నాను.

రెండోది ఆపరేషన్. నైడస్ మొత్తం తీసేస్తే జబ్బు పోతుంది, చుట్టూ ఉన్న గట్టి ఎముక తీయక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే ఈ నైడస్ పైఫాసెట్ మొదట్లో ఉంది. దాన్ని తవ్వితే ఎల్3-ఎల్4 కీలు ఆ పక్కన పట్టు కోల్పోతుంది. అప్పుడు స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసల్ని అతికించాల్సి వస్తుంది. సెంటీమీటరు లేని నిరపాయకరమైన కణితికి 14 ఏళ్ల వాడి నడుములో జీవితాంతం కదలని కీలు పెట్టడం నాకు మింగుడుపడలేదు.

మూడోది రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్. సూదిలాంటి ఎలక్ట్రోడ్‌ని నైడస్‌లోకి పంపి వేడితో కాల్చడం. 1992లో బోస్టన్‌లో డేనియల్ రోసెంతల్ బృందం ఈ కణితికి ఈ పద్ధతిని ప్రచురించింది. కాళ్ల ఎముకల్లో ఇప్పుడు దీనికే మొదటి పీట. వెన్నులో చాలాకాలం అందరూ వెనకాడారు, కారణం తెలిసిందే: పక్కనే నరం. సుమారు 45 డిగ్రీలు దాటితే నరం దెబ్బతినడం మొదలవుతుంది, ఎలక్ట్రోడ్ కొన దగ్గర 90 డిగ్రీలు. మనకి కలిసొచ్చేవి రెండు. తెగని ఎముక గోడ వేడిని చాలావరకు అడ్డుకుంటుంది. వెన్నుపాము చుట్టూ ఉండే నీరు, అక్కడి సిరల్లో పారే రక్తం వేడిని లాగేసుకుపోతాయి. ఆ గోడ లేకుండా నైడస్ నేరుగా నరాన్ని ఆనుకుని ఉంటే, లేదా అప్పటికే కాలి బలం తగ్గి ఉంటే, నేను ఆపరేషన్ వైపే వెళ్తాను. ఇక్కడ 2 మిల్లీమీటర్ల గోడ ఉంది, సరిపోతుంది, కానీ ధీమాగా ఉండేంత కాదు. అందుకని రక్షణ ఏర్పాట్లతో అబ్లేషన్ చేద్దామని రేడియాలజిస్టు, నేను నిర్ణయించాం. అబ్లేషన్ కుదరకపోతే ఆపరేషన్ చేయాల్సి రావచ్చని కుటుంబానికి ముందే చెప్పి సంతకం తీసుకున్నాం.

సీటీ గదిలో

పూర్తి మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టాం. కాళ్ల కండరాలకి, ముఖ్యంగా ఎల్4 నరం నడిపే తొడ ముందు కండరానికి, నరాల పనిని కనిపెట్టే సూదులు పెట్టాం. కాబట్టి కండరాల్ని సడలించే మందు గొట్టం వేసేటప్పుడు తప్ప ఆ తర్వాత వాడొద్దని ఎనస్థీషియా డాక్టరుతో ముందే అనుకున్నాం.

సూది దారి గురించి ఎక్కువసేపు చూశాం. దగ్గర దారి వెనక నుంచి నేరుగా ఉంది, కానీ అలా వెళ్తే డ్రిల్లు కొన నరం ఉన్న సందు వైపు చూస్తుంది. చేయి జారితే పోయేది నరమే. అందుకే మధ్యగీత వైపు నుంచి బయటికి ఏటవాలుగా, లామినా గుండా వెళ్లే దారి ఎంచుకున్నాం. కొన ఎప్పుడూ నరానికి దూరంగా పోతుంటుంది. చుట్టూ ఎముక బాగా గట్టిపడి ఉండటంతో మామూలు బయాప్సీ సూది దిగలేదు, డ్రిల్లు వాడాల్సి వచ్చింది.

డ్రిల్లు కొన నైడస్‌లోకి అడుగుపెట్టిన క్షణంలో మానిటర్ మీద గుండె వేగం 78 నుంచి 112కి ఎగబాకింది. మత్తు లోతుగానే ఉంది. "ఇప్పుడేం తాకారు సార్?" అన్నారు ఎనస్థీషియా డాక్టరు. ఇది ఈ కణితికి ఉన్న విచిత్రమైన లక్షణం. మనిషికి తెలివి లేకపోయినా నైడస్‌ని తాకితే గుండె, ఊపిరి వేగం పెరుగుతాయి. సీటీ చూపించిన దానికి శరీరం కూడా ఔనన్నట్టే. వెంటనే మత్తు పెంచారు.

కాల్చక ముందే శాంపిల్ తీయాలి. కాల్చాక తీసినది పాథాలజిస్టుకి సరిగా అర్థం కాదు. రెండు ముక్కలు తీసి ఒకటి హిస్టోపాథాలజీకి, రెండోది కల్చర్లకి (క్రిములు పెరుగుతాయేమో చూడటానికి), టీబీ క్రిమి జన్యువుని వెతికే సీబీనాట్‌కి పంపాం.

తర్వాత రేడియాలజిస్టు సన్నటి సూదితో నైడస్‌కీ నరానికీ మధ్య సందులోకి 5 శాతం డెక్స్ట్రోజ్ ఎక్కించారు. నరం కొంచెం దూరం జరుగుతుంది, చల్లగా కూడా ఉంటుంది. ఇక్కడ సెలైన్ వాడకూడదు. ఉప్పునీరు కరెంటుని ప్రసరింపజేస్తుంది, కాపాడాల్సిందే కాల్చేస్తుంది. అదే సందులో ఉష్ణోగ్రత కొలిచే సన్నటి తీగ పెట్టాం. అది 43 డిగ్రీలు చూపిస్తే ఆపేయాలని ముందే నియమం పెట్టుకున్నాం.

7 మిల్లీమీటర్ల కొన ఉన్న ఎలక్ట్రోడ్, 90 డిగ్రీలు, 6 నిమిషాలు. కొన చుట్టూ సుమారు సెంటీమీటరు వెడల్పు మేర కాలుతుంది కాబట్టి ఈ నైడస్‌కి ఒకచోట పెడితే చాలు. గదిలో అందరి కళ్లూ తీగ చూపించే అంకె మీదే. నాలుగో నిమిషానికి 40 దాటింది, డెక్స్ట్రోజ్ ఇంకొంచెం ఎక్కించాక 39కి దిగింది. కండరాల సిగ్నళ్లలో మార్పు లేదు. తీసేశాక చర్మం మీద మిగిలింది ఒక కుట్టు.

సాయంత్రం మత్తు పూర్తిగా దిగాక నేను మొదట చూసింది ఎడమ మోకాలు చాచే బలం. పూర్తిగా ఉంది. ఆ రాత్రి పుండు నొప్పికి ఒక డోసు మందు ఇచ్చాం. తెల్లారి రౌండ్స్‌కి వెళ్తే తల్లి "రాత్రి లేవలేదండీ" అంది. డ్రిల్లు పెట్టిన చోట నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది, అది వేరే నొప్పి అని పిల్లలే చెప్తారు. మర్నాడే నడిపించి పంపించాం. ఎముకకి రంధ్రం పడింది కాబట్టి మూడు నెలలు కబడ్డీ, బరువులు మోయడం వద్దన్నాం.

రిపోర్టులు

హిస్టోపాథాలజీలో అల్లిబిల్లిగా ఉన్న పచ్చి ఎముక దూలాలు, వాటి అంచున ఒకే వరసలో ఆస్టియోబ్లాస్టులు (ఎముకని తయారుచేసే కణాలు), మధ్యలో రక్తనాళాలు నిండిన కణజాలం. టీబీలో కనబడే గ్రాన్యులోమా అనే కణాల ముద్ద లేదు, ప్రాణాంతక కణాలు లేవు. సీబీనాట్ నెగెటివ్. టీబీ మందులు ఆపేశాం. టీబీ కల్చర్ రిపోర్టు వారాల తర్వాత వచ్చింది, అందులోనూ ఏమీ పెరగలేదు. ఇంత చిన్న శాంపిల్‌లో పాథాలజిస్టు తేల్చి చెప్పలేని సందర్భాలు చాలానే ఉంటాయి. అప్పుడు సీటీ, నొప్పి తీరు, చికిత్స తర్వాత నొప్పి పోవడం, ఈ మూడింటి మీద ఆధారపడతాం.

వేరే కణితి అయ్యుంటే

నిరపాయకరమైనవన్నీ ఒకటి కాదు. ఇదే చోట 3 సెంటీమీటర్ల ఆస్టియోబ్లాస్టోమా ఉంటే నేను సూదితో ఆగేవాణ్ణి కాదు. అది నైడస్‌లా ఒకచోట కూర్చోదు, సందులోకి ఉబ్బి నరాన్ని నొక్కుతుంది, కొంచెం మిగిలినా మళ్లీ వస్తుంది. కణితి ఎంత దూకుడుగా ఉందో చెప్పే ఎన్నెకింగ్ స్టేజి, వెన్నుపూసని గడియారంలా 12 భాగాలు చేసే డబ్ల్యూబీబీ పద్ధతి పట్టుకుని ఎంతవరకు తీయాలో లెక్క వేసుకుని, కీలు పోతే స్క్రూలు వేసైనా పూర్తిగా తీస్తాం. అన్యూరిజ్మల్ బోన్ సిస్ట్ (రక్తం నిండిన ఎముక తిత్తి) అయితే ఎమ్మారైలో రక్తపు తేట, మడ్డి పొరలుగా విడిపోయి కనబడతాయి. కత్తి పెడితే ధారగా రక్తం కారే జబ్బు అది, కాబట్టి ముందు రక్తనాళాలు మూసే ఎంబొలైజేషన్ చేయిస్తాం. కొందరికి అదే చికిత్స కూడా. జెయింట్ సెల్ ట్యూమర్ ఎదుగుదల ఆగిన పెద్దవాళ్లలో, వెన్నులో ముఖ్యంగా త్రికాస్థిలో వస్తుంది. తీయడానికి కష్టమైన చోట డెనోసుమాబ్ ఇంజెక్షన్ దాన్ని గట్టిపరిచి ఆపుతుంది. ఆ మందు ఆపితే మళ్లీ లేవచ్చు, దవడ ఎముక చిక్కులు రావచ్చు, అందుకే దాన్ని మొదలుపెట్టే ముందే ముగింపు కూడా ఆలోచించాలి.

హీమాంజియోమా, అంటే పూసలో రక్తనాళాలతో ఏర్పడే నిరపాయకరమైన ముద్ద, గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నడుము నొప్పికి ఎమ్మారై తీయించుకున్నవాళ్లు రిపోర్టులో ఆ పేరు చూసి నిద్ర మానేసి వస్తుంటారు. పోస్ట్‌మార్టం పరీక్షల్లో దాదాపు పదిమందిలో ఒకరి వెన్నులో అది కనిపించింది. నూటికి తొంభై మందికి పైగా దానికి ఏ చికిత్సా అక్కర్లేదు, మళ్లీ మళ్లీ స్కాన్లూ అక్కర్లేదు. నరం నొక్కే, పూస ఉబ్బే రకం చాలా అరుదు, అది ఫిల్ములో వేరుగానే కనబడుతుంది.

వంకర సంగతి

నొప్పి ఒక్క రాత్రిలో పోయింది, వంకర అలా పోదు. కణితి చుట్టూ మంట వల్ల ఆ పక్క కండరాలు పట్టేసి వెన్నుని లాగుతాయి, వంకర అలా మొదలవుతుంది. మంట ఆగితే కండరం వదులుతుంది, వెన్ను నిలబడుతుంది. కానీ ఎదిగే వయసులో ఎక్కువ కాలం అలా లాగి ఉంచితే పూసల ఆకారమే మారిపోతుంది, అప్పుడు కణితి తీసినా వంకర మిగులుతుంది. 1986లో పెటిన్, క్లాసెన్ అనే సర్జన్లు తమ రోగుల్ని పరిశీలించి ఆ హద్దు సుమారు 15 నెలలని రాశారు. అంతకు లోపు చికిత్స జరిగిన పిల్లల్లో వెన్ను చాలావరకు దానంతటదే సరయింది. మన అబ్బాయికి 11 నెలలు. టీబీ మందుల కోర్సు పూర్తయ్యేదాకా ఆగి ఉంటే ఆ హద్దు దాటిపోయేది.

బెల్టు, బ్రేస్ ఏవీ పెట్టలేదు. తొడ వెనక కండరాలు సాగదీసే వ్యాయామాలు, వెన్ను బలానికి ఈత నేర్పించాం. మూడు నెలలకి కాబ్ కోణం 24 నుంచి 11 డిగ్రీలకి వచ్చింది. ఏడాదికి 5. వంగితే వేళ్లు పాదాలకి అందుతున్నాయి. ఎడమ తొడ కుడిదానికి సమానమైంది. ఆర్నెల్లకి తీసిన ఎమ్మారైలో వాపు పూర్తిగా పోయింది. సీటీ మళ్లీ తీయించలేదు. కాలిన నైడస్ సీటీలో చాలాకాలం అలాగే కనబడొచ్చు, దాన్ని చూసి భయపడటం తప్ప లాభం లేదు.

ఈ కణితి మళ్లీ వస్తే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే వస్తుంది, నైడస్ కొంత కాలకుండా మిగిలినప్పుడు. తల్లికి చెప్పింది ఇదే: రాత్రి నొప్పి మళ్లీ మొదలైతే బిళ్ల వేసి ఆగకుండా రండి, ఆ పూస ఒక్కదానికే సీటీ తీసి చూద్దాం, అవసరమైతే అబ్లేషన్ రెండోసారి కూడా చేయొచ్చు. నొప్పి లేకపోయినా అబ్బాయి ఎత్తు పెరగడం ఆగేదాకా ఏడాదికోసారి నిలబెట్టి ఒక ఎక్స్‌రే తీయించాలి. మిగిలిన 5 డిగ్రీలు ఎదుగుదలతో పెరుగుతున్నాయా అన్నది అందులో చూస్తాం.